డాక్టరమ్మ చెప్పిన ఆకు

మా పై అంతస్తులో ఉండే సోమలింగానికి రెండు చెవులూ చక్కగా ఉంటాయి. చిన్నప్పుడు పోగులు కుట్టించిన రంధ్రాలు కూడా ఇంకా పూడలేదు. వాటితో చిక్కల్లా ఒక్కటే, మాట లోపలికి పోదు.

తప్పు ఆయనది కాదు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మీసం రాని వయసులో సూరత్ వచ్చాడు. అప్పటినుంచీ గోడాదరాలోని పవర్‌లూమ్ షెడ్లలోనే బతుకుతున్నాడు. ఆ షెడ్డు చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు. ఒకసారి వాళ్లావిడకు జ్వరంగా ఉంటే, ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి నేను షెడ్డు గుమ్మం దాకా వెళ్లాను. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు మా ఆయన మాటలు వినిపించలేదు. అది హాయిగానే ఉందనుకోండి. కానీ గుమ్మంలో నిలబడ్డ నాకే అట్లా అయితే, రోజంతా లోపలే నిలబడేవాడి సంగతి ఏమిటి?

ఆ షెడ్లలో ఎవరూ అరవరు, అరిచినా దండగ. పెదాలు కదిలించి చెప్పుకుంటారు, చేతులతో చెప్పుకుంటారు. దారం తెగితే రెండు వేళ్లు విడదీసి చూపిస్తారు. యజమాని సేఠ్ వస్తున్నాడంటే పొట్ట నిమిరి చూపిస్తారు. పెదాలు చూసి మాట పట్టడంలో సోమలింగం ఆరితేరాడు. అందుకే ఆయన చెవులు ఎప్పుడు మందగించాయో ఎవరికీ తెలియలేదు, బహుశా ఆయనకు కూడా. మార్కెట్లో, పెళ్లిళ్లలో ఎదుటివాళ్ల మూతి చూస్తూ ఠక్కున జవాబిచ్చేవాడు. మూతి కనబడకపోతే "ఆఁ ఆఁ" అని తలూపి నవ్వేవాడు. ఇంట్లో వాళ్లకు విషయం తెలుసు. తెలిసినా ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే ఆయనకు ముక్కు మీద కోపం, ఆ కోపం కంచం మీద చూపిస్తాడు. అన్నం ముట్టడు.

ఇంతలో కరోనా వచ్చి అందరి మూతులకూ మాస్కులు కట్టింది. మనమంతా ఊపిరాడక విసుక్కున్నాం. సోమలింగానికి మాత్రం లోకమే మూగబోయింది. రేషన్ దుకాణం వాడు రేపు రమ్మంటే, ఇప్పుడే ఇస్తానన్నాడనుకుని షట్టరు దించేదాకా వరుసలో నిలబడ్డాడు. ఎవరో పలకరిస్తే డబ్బులు అడుగుతున్నారనుకుని జేబులు తడుముకునేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. నవ్వాల్సిన విషయం కాదని తర్వాత తెలిసింది.

ఆయన ఇంట్లో భార్య పద్మారాణి, తల్లి బుచ్చవ్వ, కూతురు నీరజ. పద్మారాణి ఇంట్లోనే కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తుంది. బుచ్చవ్వ సిరిసిల్లలో బీడీలు చుట్టిన మనిషి, నోరు కూడా ఆ వేళ్లంత వేగంగానే నడుస్తుంది. నీరజ ఇక్కడే పుట్టి పెరిగింది. వాళ్లమ్మతో తెలుగులో పోట్లాడి, స్నేహితురాళ్లతో గుజరాతీలో నవ్వుతుంది. మా బిల్డింగులో గుజరాతీ పేపరు గడగడా చదవగలిగిన తెలుగు మనిషి అదొక్కతే.

బడి మూతపడ్డాక ఆ పిల్లకు ఫోనే ప్రపంచమైంది. ఆడుకునే వయసులో గదిలో మగ్గిపోతోందని అందరికీ జాలి. జాలిపడ్డ ప్రతివాళ్లూ ఆ జాలిని ఒక ప్యాకెట్‌లో పెట్టి తెచ్చారు. వాళ్ల నాన్న వేఫర్లు తెస్తే, వాళ్లమ్మ ఖారీ బిస్కెట్లు తెచ్చింది. బాపమ్మ బుచ్చవ్వ దాని చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసింది. నేనేమీ తక్కువ తినలేదు, నూడుల్స్ చేసినప్పుడల్లా ఒక గిన్నె పైకి పంపించేదాన్ని. ఇంతమంది ప్రేమ ఒక్క ఒంట్లో చేరితే ఆ ఒళ్లు మాత్రం ఏం చేస్తుంది?

పాత బట్టలు పట్టడం మానేశాయి. మెట్లెక్కితే ఆయాసం. ఆన్‌లైన్ క్లాసులో కెమెరా తెరవమంటే ఫోన్ పాడైందని చెప్పేది. మెడ వెనక నల్లగా ఒక పట్టీ తేలింది. బుచ్చవ్వ అది మురికనుకుని శనగపిండితో రుద్దింది, నిమ్మచెక్కతో రుద్దింది, ఆఖరికి కాళ్లు తోముకునే రాయి కూడా ఎత్తింది. పిల్ల ఏడ్చింది గాని నలుపు పోలేదు. మే నెల ఎండల్లో కూడా చున్నీ మెడకు చుట్టుకుని తిరిగేది.

అదే మే నెలలో, రెండో వేవ్ ఊరిని ఊపేస్తున్నప్పుడు, సోమలింగం అన్న పరుశురాం పోయాడు. ఆయనా ఇక్కడే, ఇంకో షెడ్డులో పనిచేసేవాడు. భారీ మనిషి, నవ్వితే కూర్చున్న మంచం కదిలేది. చాలాకాలంగా షుగర్ ఉంది. షుగర్ లేకపోతే గట్టెక్కేవాడేమో అని ఆసుపత్రిలో ఎవరో అన్నారు. ఎవరూ గట్టిగా చెప్పకుండానే ఎట్లాగో ఆ ముక్క సోమలింగం చెవిన పడింది. కొన్ని రోజులకు, నీరజ వంగి గిన్నెలు తీస్తుంటే ఆయన దాని మెడ చూశాడు. అన్న మెడ మీద కూడా సరిగ్గా అట్లాంటి నలుపే ఉండేదని అప్పుడు గుర్తుకొచ్చింది. తింటున్న అన్నం వదిలేసి లేచాడు.

"ఆ షుగర్ అన్నను మింగింది. నా బిడ్డ జోలికి రానియ్య," అన్నాడు పద్మారాణితో. ఆ వారంలోనే రక్తపరీక్ష చేయించి, నీరజను తీసుకుని పర్వత్ పాటియాలో ఉన్న పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు.

అక్కడ జరిగింది నాకు నీరజ చెప్పగా తెలుసు. డాక్టరమ్మ ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం, తనకూ రోగులకూ మధ్య పైనుంచి కిందిదాకా వేలాడే ప్లాస్టిక్ తెర. ఇన్ని పొరల వెనక ఉన్న మూతిని సోమలింగం ఎట్లా చూస్తాడు? ఆమె నీరజ మెడ చూసి, ఇది మురికి కాదు, రుద్దకండి, ఒంట్లో చక్కెర అదుపు తప్పుతోందని చర్మం చెబుతోంది అంది. రిపోర్టు చూసి, ఇంకా షుగర్ జబ్బు రాలేదు, గుమ్మంలో నిలబడి ఉంది అంది. మూడు నెలలు తిండి మార్చి చూద్దాం, తగ్గకపోతే గోళీలు మొదలుపెట్టాల్సిందే అంది. ఈ సంగతులన్నీ నీరజే వాళ్ల నాన్న చెవి దగ్గరికి వంగి తెలుగులో చెప్పింది. గోళీల మాట వినగానే ఆయన కుర్చీ అంచుకు జరిగాడు.

అప్పుడు డాక్టరమ్మ ముందుకు వంగి, అసలు మందు ఇదీ అన్నట్టు వేలెత్తి, గుజరాతీలో గట్టిగా ఒక మాట చెప్పింది. "ఆఖూ ఘర్ ఆఖూ ఖాయ్, తో జ్ ఛోకరీ ఖాశే!"

గుజరాతీలో ఆఖూ అంటే మొత్తం, విరగనిది, ఉన్నది ఉన్నట్టుగా ఉన్నది. ఇల్లంతా కలిసి ఆఖూ తింటేనే పిల్లా తింటుందని ఆమె చెప్పింది. జామపండును రసం పిండకుండా పండుగా తినాలి. గింజను పొట్టుతో తినాలి. మక్కబుట్టలు, అదే మొక్కజొన్న పొత్తులు, పల్లీలు, శనగలు, పెసర్లు అన్నీ తినొచ్చు. ఫ్యాక్టరీలో నలిగి, రంగు పూసుకుని, ప్యాకెట్‌లో దూరిందేదీ వద్దు. ఈ వివరమంతా కూడా ఆమె గబగబా చెప్పింది. సోమలింగానికి వాటిలో ఒక్కటీ అందలేదు. వేలెత్తి గట్టిగా చెప్పిన మాట ఒక్కటే అందింది.

అదీ ఎట్లా అందింది? ఆయనకు ఆ మాట తెలియక కాదు. సేఠ్ రోజూ "ఆఖో దివస్" అంటూనే తిడతాడు, రోజంతా ఏం చేశారని. కానీ తిండి సంగతి వచ్చేసరికి ఆయన చెవి తెలుగులోకి దిగింది. ఘర్ అంటే ఇల్లు. ఖాయ్ అంటే తినడం. మధ్యలో ఉన్నది ఆకు! "హా బెన్, హా బెన్," అని, అట్లాగే అక్కా అన్నట్టు బలంగా తలూపాడు.

రోడ్డు మీదికి వచ్చాక కూతురి భుజం తట్టి, "ఇన్నవా బిడ్డా? ఇంటిల్లిపాది ఆకు తినాల్నట. గింతే! నేనేమో ఎంత పెద్ద మందు రాస్తదో అని గజగజ వణికిన," అన్నాడు.

నీరజ మాస్కు వెనక నోరు తెరిచింది, మళ్లీ మూసింది. తర్వాత నాతో అంది కదా, "ఆంటీ, ఫస్ట్‌ల నాకు నవ్వొచ్చింది. ఆకులే గదా, నాలుగు దినాలు తిని వీళ్లే బోర్ అయితరు, మల్ల నా వేఫర్లు నాకొస్తయి అనుకున్న." పిల్ల చెప్పకపోవడానికి మొదటి కారణం అంతే. అచ్చమైన దొంగబుద్ధి.

ఇంట్లో ఈ తీర్పు వినగానే బుచ్చవ్వకు పట్టాభిషేకం జరిగినట్టయింది. "ఆకా? దీనికి డాక్టరెందుకురా? నన్నడిగితె జెప్పకపోదునా?" అని కొంగు బిగించింది. ఆ రోజు నుంచి ఏది ఆకు, ఏది కాదు అని తేల్చే అధికారం ఆమెది. ప్యాకెట్లన్నీ ఆకు కావు గనక ఇంట్లోంచి వెళ్లిపోయాయి. చక్కెర ఆకు కాదు, పోయింది. చాయ్‌పత్త మాత్రం ఆకే కాబట్టి చాయ్ నిలిచింది, చప్పగా. సోమలింగం నమిలే పొగాకు మావాలో ఉన్నది కూడా ఆకేనని ఆయన గొణిగాడు గాని, పద్మారాణి ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తున్న అవకాశం అది, పొట్లంతో సహా బయట పారేసింది.

"మరి ఆకు దేంతోని తినాలె అత్తా? ఉత్తగనే నమలాల్నా, మేకల లెక్క?" అని అడిగింది పద్మారాణి.

బుచ్చవ్వ దగ్గర దానికీ జవాబుంది. "జొన్నకు ఆకులుండవా? సొప్ప అంత ఆకే గదనే. జొన్నరొట్టె నడుస్తది," అంది. పొట్టు తీసిన పప్పు ప్యాకెట్‌లో వస్తుంది కాబట్టి అది పనికిరాదంది. కిరాణా కొట్టు గోనెసంచిలో ఉండే పొట్టు పెసర్లు పాలకూరలో వేయొచ్చంది. ఇంత న్యాయం చెప్పి, ఆఖరున తన తమలపాకు, తన బీడీ కూడా ఇందులోనే కలపబోయింది. "బీడీ గూడ తునికాకే గద..." అన్న ముక్క పూర్తి కాకముందే కోడలు చూసిన చూపుకు తమలపాకుతో సరిపెట్టుకుంది.

ఇక ఆ వానాకాలమంతా మా బిల్డింగుకు ఆకుల గండం పట్టింది. పొద్దున్నే పుంటికూర, మాపటికి తోటకూర. మర్నాడు బచ్చలి, ఆ మర్నాడు సోయకూర. ఖాళీ ప్లాట్ల పక్కన మొలిచిన గంగవాయిలి కూరను బుచ్చవ్వ వంగి వంగి ఏరుకొచ్చేది. కాంపౌండులో ఉన్న మునగచెట్టును సగం దూసేసింది. సొసైటీ సెక్రెటరీ వచ్చి చెట్టు ఎవరిదని అడిగితే, "చెట్టు నీదే, ఆకు నా మనవరాలిది," అని పంపించేసింది. నాకు కోపం వచ్చింది మాత్రం నా పుదీన కుండీ దగ్గర. ఒక్క రెమ్మ మిగల్చలేదు. నేను పైకెళ్లి నాలుగు మాటలు దులిపేద్దామనుకున్నాను. తీరా చూస్తే నలుగురూ చాప మీద గుండ్రంగా కూర్చుని తింటున్నారు. అంతకుముందు ఆ ఇంట్లో ఒకరు తినేవేళకు ఒకరుండేవారు కాదు. నీరజ ఎప్పుడూ ఫోన్ పట్టుకుని మూలన ఒక్కతే తినేది. వచ్చిన పని మరిచి గుమ్మంలోనే నిలబడ్డాను. "అనురాధా, కూసో, రొట్టె తిను," అంది బుచ్చవ్వ. నా పుదీన పచ్చడితో నాకే రొట్టె పెట్టింది. బాగుంది కూడా.

షెడ్డులో సోమలింగానికి మేక అని పేరొచ్చింది. డబ్బా మూత తీయగానే ఆకుకూర. పక్క మగ్గాల వాళ్లు మాస్కులు గడ్డం కిందికి లాగి, పెదాలతో "మే మే" అనేవారు. అందరి మాటలూ తప్పిపోయిన ఆ రోజుల్లో ఆయనకు స్పష్టంగా అందిన మాట ఇదొక్కటే. అయినా కిమ్మనకుండా తినేవాడు. ఆయనకు చిన్నప్పటినుంచీ ఆకుకూర గిట్టదు. చేదుమందు తాగినట్టు కళ్లు మూసుకుని మింగేవాడు. కానీ ఒక్కరోజు కూడా మానలేదు.

నీరజ మాత్రం మొదట్లో రెండు నాల్కల మనిషే. తన దగ్గర దాచిన వేఫర్ ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి. వాళ్లమ్మ లేనప్పుడు, వాళ్ల నాన్న వెనక కూర్చునే కరకరా నమిలేది. ఆయనకు వినపడితే కదా! ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి, గోడకు ఎదురుగా కూర్చుని మెంతికూర తింటున్నాడు. నీరజ ఆయన వెనకే ప్యాకెట్ విప్పింది. ముద్ద మింగేముందు ఆయన మెడ ఒకసారి బిగుసుకోవడం, భుజాలు పైకి లేవడం, మింగాక మళ్లీ కిందికి జారడం దానికి కనిపించింది. ఇంకో ముద్ద. మళ్లీ అదే. ఎవరూ చూడటం లేదని తెలిసి కూడా ఆ మనిషి ఆకులు మింగుతూనే ఉన్నాడు. "నోట్ల వేఫర్ ఉన్నది ఆంటీ, మింగబుద్ధి గాలే," అంది నీరజ నాతో. ఆ ప్యాకెట్ బాపమ్మకు ఇచ్చేసింది. ఆవిడ చప్పరించుకుంటూ ఎక్కడిదని కూడా అడగలేదు.

అక్కడినుంచి నీరజ నిజంగా తినడం మొదలుపెట్టింది. ఆకులు కట్టలు కట్టలుగా కావాలి గనక రోజూ సాయంత్రం తండ్రీ కూతుళ్లిద్దరూ నడిచి కూరగాయల మార్కెట్‌కు వెళ్లేవారు. ఆ నడక కూడా ఒంటికి పట్టింది. మెట్ల మీద ఆయాసం తగ్గింది. ఒకరోజు మా గుమ్మం ముందు ఆగకుండా పైకి వెళ్లిపోతే నేనే పిలిచి ఆపాను.

అయితే మనసులో ఉన్న మాట చెప్పడం దానికి రోజు రోజుకూ కష్టమైంది. వానలో దారి పొడుగునా మక్కబుట్టల బండ్లు. బొగ్గుల మీద కాలుతున్న వాసన. నిమ్మచెక్కతో ఉప్పుకారం రుద్ది ఇస్తారు. నీరజకు అది ప్రాణం. డాక్టరమ్మ తినొచ్చని చెప్పిన వాటిలో అదీ ఒకటి. ఒకరోజు దాని కాళ్లు బండి దగ్గర వాటంతటవే ఆగాయి. సోమలింగం దాని చెయ్యి పట్టుకుని, బతిమాలుతున్నట్టు, "వద్దు బిడ్డా, అది ఆకు గాదు. జర ఓపిక పట్టు. గోలీలు రాకుంట జేసుకుందాం," అన్నాడు. నీరజ ముందుకు నడిచింది. జామకాయల బండి దాటింది, ఉడకబెట్టిన పల్లీల బండి దాటింది. తినొచ్చని తెలిసి, ఆకలితో దాటింది. నిజం చెప్పాలంటే వాళ్ల నాన్నకు వినపడదని చెప్పాలి. ఆ ఇంట్లో ఎవరూ అనని మాట తానెట్లా అనాలో దానికి తెలియలేదు.

మూడు నెలలు అయ్యాయి. మళ్లీ రక్తం ఇచ్చి, కాగితం పట్టుకుని ఇద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆ ముందురోజు సోమలింగం నిద్రపోలేదని పద్మారాణి నాతో చెప్పింది. పొద్దున షేవ్ చేసుకుంటూ గడ్డం కోసుకున్నాడు. దాని మీద పేపరు ముక్క అంటించుకుని, అది తీయడం కూడా మరిచి, పైన మాస్కు పెట్టుకుని వెళ్లాడు.

డాక్టరమ్మ కాగితం చదివింది. షుగర్ తగ్గింది. మరీ గొప్పగా కాదు, కానీ గుమ్మంలోంచి మెట్లు దిగి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. గోళీలు ఇప్పుడు అక్కర్లేదు అంది. నీరజ వాళ్ల నాన్న మోచేయి పట్టుకుని, ముఖానికి దగ్గరగా వంగి, "తగ్గింది బాపు. గోలీలు వద్దట," అంది. సోమలింగం రెండు చేతులూ జోడించి ప్లాస్టిక్ తెరకు దండం పెట్టాడు. కళ్లు తుడుచుకున్నాడు. అంతటితో లేచి వచ్చేస్తే ఏ గొడవా ఉండేది కాదు. కానీ గెలిచిన మనిషి ఊరుకుంటాడా?

"ఆకు బెన్! సిర్ఫ్ ఆకు!" అన్నాడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని. "పాలక్, మేథీ, సువా. రోజ్ ఆకు. ఔర్ కుఛ్ నహీ!"

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పండ్లు తినిపించారా అని హిందీలో అడిగింది. చేతితో పండు ఆకారం చూపించింది. ఆయన గర్వంగా తల అడ్డంగా ఊపాడు. చేతులతోనే ఇంకా అడిగింది, మక్కబుట్టలు? లేదు. పల్లీలు? లేదు. ఆమె నీరజ వైపు చూసింది. నీరజ నేల చూసింది. ఆమెకు సగం అర్థమైంది. కుర్చీలోంచి లేచి, గాలి వచ్చే కిటికీ దగ్గరికి వెళ్లి, ఒక్క క్షణం మాస్కు కిందికి దించి, పెదాలు బాగా తెరిచి చెప్పింది. "ఆ-ఖూ. ఆఖూ యానీ సాబుత్. పత్తా నహీ."

మొత్తంగా ఉన్నది అని, ఆకు అని కాదు. ఈసారి మూతి కనిపించింది. సోమలింగం మాట పట్టేశాడు. పట్టేసి, అట్లాగే కూర్చుండిపోయాడు.

"నీకు ఎరుకేనా?" అన్నాడు కూతురి వైపు తిరిగి.

నీరజ తలూపింది.

"మొదటి దినం సంది ఎరుకేనా?"

మళ్లీ తలూపింది. డాక్టరమ్మ ఏమీ తెలియనట్టు మాస్కు సర్దుకుంటూ, పై అంతస్తులోనే చెవుల డాక్టర్ ఉన్నాడు, ఒకసారి చూపించుకోండి అని వేలితో పైకి, తర్వాత తన చెవి వైపు చూపించింది. "మేరే కాన్ ఠీక్ హై," అన్నాడు సోమలింగం. అని విసురుగా లేచి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి నడిచాడు. మెట్లు దిగి, రోడ్డు దాకా వెళ్లిపోయాడు. నీరజ వెనకాలే పరుగెత్తింది.

బస్సులు, ఆటోల హారన్లు, ముందుకు కదలని టెంపోలు. నీరజ వాళ్ల నాన్న ముందుకొచ్చి నిలబడింది. మూడు నెలలుగా గొంతులో ఉన్నదంతా ఒక్కసారి వచ్చేసింది.

"జెప్తె నీకు ఇనవడ్తలేదని జెప్పినట్టయితది గద బాపు! నీకు కోపమొస్తది, అన్నం తినవ్. అందుకే జెప్పలే. నన్ను కాంట మీద నిలవెట్టిండ్రు. నా మెడ సూసిండ్రు. సూది గుచ్చిండ్రు. నాకు సిగ్గు గాలేదా? నువ్వు రమ్మన్నవని అన్ని సూపెట్టిన. నువ్వు నాకోసం జర చెవి సూపెట్టలేవా? పెదనాయినకు గూడ ఏం గాదు ఏం గాదు అనుకుంటనే పాయె గద..."

మాస్కు లోపల పెదాలు కదులుతున్నాయి. పైన కళ్లలోంచి నీళ్లు కారి మాస్కు అంచు తడిసింది. సోమలింగం అలవాటుగా తలూపబోయాడు. సగంలో ఆగిపోయాడు. ఆ హారన్ల మధ్య దాని కళ్లనే చూశాడు.

"వినవడ్తలేదు బిడ్డా," అన్నాడు. "నువ్వు ఏడుస్తున్నవని కనవడుతుంది గాని, ఏమంటున్నవో నాకు వినవడ్తలేదు. జర మల్ల జెప్పు."

నీరజ అదంతా మళ్లీ మొదలుపెట్టలేదు. మాస్కు గడ్డం కిందికి లాగింది. ఆయనకు బాగా కనబడేట్టు, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికింది.

"నాతోని. పైకి. రా. బాపు."

సోమలింగం ఆ మూతి వైపు చూశాడు. తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని, వచ్చిన మెట్లే మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాడు.